రెక్క ఆడితే సుడి... సుడి చిక్కితే రికార్డు!

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడండి. ఒకపక్క చెన్నై–కోల్‌కతా హైవే, ఇంకోపక్క బందరు రోడ్డు. ఇక్కణ్నుంచి నలుదిక్కులా 80 కిలోమీటర్లు కొలిస్తే కృష్ణా డెల్టా దాదాపు అంతా వచ్చేస్తుంది. కాలవలు, వరిచేలు, తాడితోపులు, కొల్లేరు... రెక్కల లోకంలో హేమాహేమీలు చాలామంది ఈ గీత లోపలే కాపురం ఉంటున్నారు. వాళ్లను ప్రపంచ విజేతల పక్కన నిలబెట్టి చూద్దాం. పోటీ ఒక్కటే: ఆడే రెక్క గాలిలో పుట్టించే సుడిని ఎవరు ఎంత గొప్పగా వాడుకుంటున్నారు?

ముందు ఒక్క నియమం. విమానం రెక్క బిగిసి ఉంటుంది, గాలి దాని మీంచి సాఫీగా జారిపోతుంది. ప్రాణుల రెక్క అలా కాదు, సెకనుకు కొన్నిసార్ల నుంచి వందలసార్ల దాకా దిశ మారుస్తుంది. మారిన ప్రతిసారీ అంచు దగ్గర గాలి చుట్ట చుట్టుకుంటుంది. ఆ చుట్ట నడుమ పీడనం తక్కువ. అది రెక్కపైన అతుక్కున్నంతసేపూ రెక్కను పైకి లాగుతుంది. జారిపోయిందా, ఆ బలం కూలిపోతుంది. సరైన క్షణంలో సుడిని పుట్టించడం, పట్టి ఉంచడం, వదలడం. కిరీటాలన్నీ ఈ మూడు విద్యలకే!

అత్యంత వేగంగా ఆడే రెక్క

కిరీటం ఒక నుసుముది. పేరు ఫార్సిపోమియా. రెక్క సెకనుకు 1,046 సార్లు ఆడుతుంది. అంటే నిమిషానికి 62,760! ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఓలవి సోటవల్టా 1953లో తేల్చిన లెక్క ఇది. రెక్కలు కత్తిరించి, వేడిలో ఉంచి చూస్తే 2,218కి ఎక్కింది. ఒక్కో ఊపుకీ ఒక్కో నరం ఆజ్ఞ అక్కర్లేదు. ఒక కండరం ముడుచుకుంటే రెండోది సాగుతుంది, సాగినదల్లా తనంతట తానే ముడుచుకుంటుంది. ఇలాంటి నుసుములే కోకో పూలకు పుప్పొడి మోస్తాయి. కోకో పండించడంలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఏలూరు వైపు కొబ్బరితోటల నీడన కాసే కోకో కాయలు ఈ నుసుము రెక్కల చలవే.

అతి ఇరుకు ఊపు

ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. మూడు కాలవల బెజవాడలో దోమకు పరిచయం అక్కర్లేదు. మురుగునీట పెరిగి బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ రెక్క సెకనుకు 800 సార్లకు పైగా ఆడగలదు. ఆడే మేర మాత్రం సుమారు 40 డిగ్రీలే! తేనెటీగది 90. కీటకాల్లో ఇంత ఇరుకు ఊపు మరే గుంపుకీ లేదు. 2017లో బ్రిటన్, జపాన్ పరిశోధకులు ఎనిమిది కెమెరాలతో, సెకనుకు 10 వేల ఫ్రేముల చొప్పున చిత్రించి గుట్టు విప్పారు. రెక్క మళ్లే క్షణంలో, తాను అప్పుడే వదిలిన గాలి కదలికనే వెనకంచుతో అందుకుని కొత్త సుడి కడుతుంది. పారేసిన శక్తిని తిరిగి రాబట్టుకోవడంలో దోమ గట్టి పొదుపరి.

అతి కచ్చితమైన జుగల్‌బందీ

డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై. ఆడదోమ రెక్క మోత సుమారు 400 హెర్ట్జ్, మగదోమది 600. జత కట్టే ముందు రెండూ ఎగురుతూనే రెక్కల వేగం సర్దుకుంటాయి. 400కు మూడు రెట్లు 1,200. 600కు రెండు రెట్లూ 1,200. శ్రుతి అక్కడ కలుస్తుంది! అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఈ సంగతి ప్రకటించారు. మన చెవిదగ్గర గుయ్యిమనే రొద వాటికి పెళ్లిపాట.

అతి బుల్లి ఎగిరే ప్రాణి

కికికి హునా. హవాయి దీవుల్లో దొరికి 2000లో పేరు పెట్టించుకున్న పరాన్నజీవి కందిరీగ. పొడవు 0.158 మిల్లీమీటర్లు. ఆరింటిని తలా తోకా కలిపి పేర్చినా ఒక మిల్లీమీటరు నిండదు! మన చేలల్లో దీని పోటీదారు ట్రైకోగ్రామా. పొడవు సుమారు అర మిల్లీమీటరు. వరి కాండం తొలిచే పురుగు గుడ్లలో తన గుడ్డు పెట్టి, పురుగు పుట్టకముందే దాని కథ ముగిస్తుంది. రైతులు పొలంలో కట్టే ట్రైకో కార్డు ఒక్కోదాని మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. ఇంత చిన్న ఒంటికి గాలి బెల్లం పాకంలా అడ్డుపడుతుంది. కికికి హునా రెక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. సన్నటి కాడ, కొసన చిన్న తెడ్డు, తెడ్డు చుట్టూ వరసగా నూగు వెంట్రుకలు. చిక్కటి గాలి వెంట్రుకల సందుల్లోంచి పెద్దగా జారలేదు. అందుకే తక్కువ బరువుతో పెద్ద రెక్క పని జరిగిపోతుంది.

అతి మొండి జాప్యం

1925లో ఆస్ట్రియా ఇంజినీరు హెర్బర్ట్ వాగ్నర్ లెక్క కట్టాడు. నిలకడగా ఉన్న రెక్క ఒక్కసారిగా కదిలితే, ఆ తొలి క్షణంలో దానికి దక్కే బలం సగమే! మిగతా సగం, రెక్క తన వెడల్పుకు ఎన్నో రెట్లు దూరం సాగితేగానీ రాదు. కారణం, వెనకంచు నుంచి ఊడే తొలి సుడి. అది రెక్క దగ్గర ఉన్నంతసేపూ బలాన్ని తగ్గిస్తూనే ఉంటుంది. దిశ మార్చిన ప్రతిసారీ సగం జీతం. సెకనుకు వందలసార్లు దిశ మార్చే కీటకం మరి బతికేదెలా?

అతి గడుసు చప్పట్లు

జవాబు 1973లో కేంబ్రిడ్జిలో దొరికింది. శాస్త్రవేత్త టార్కెల్ వైస్-ఫో. విజేత ఎన్‌కార్సియా ఫార్మోసా అనే సూక్ష్మ కందిరీగ. రెక్కలు సెకనుకు సుమారు 400 సార్లు. వీపుమీద రెండు రెక్కలూ చప్పట్లు కొట్టుకుని, ముందంచుల దగ్గర ముందుగా విడిపోతాయి. ఆ సందులోకి గాలి దూకుతుంది, రెండు రెక్కల చుట్టూ రెండు సుడులు ఎదురెదురు దిశల్లో ఒకేసారి కట్టుకుంటాయి. ఒకదాని లెక్క రెండోది సరిచేస్తుంది, తొలి సుడి బెడద ఉండదు. జాప్యం హుళక్కి! 2016లో దేశంలోకి చొరబడి కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్ని పీల్చిన సర్పిలాకార తెల్లదోమను సహజంగా అణిచే మిత్రపురుగు ఎన్‌కార్సియా గ్వాడెలూపే దీని సొంత చుట్టమే. ఆ చుట్టాన్ని కాపాడుకోవడానికే, విచక్షణ లేకుండా పురుగుమందులు కొట్టొద్దని శాస్త్రవేత్తలు రైతులకు చెబుతున్నారు.

అతి దీర్ఘకాలం నలిగిన చిక్కుప్రశ్న

1934లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంట్వాన్ మాన్యాన్ ఒక పుస్తకంలో, విమానాల లెక్క ప్రకారం కీటకాలు ఎగరలేవని రాశాడు. తేనెటీగ ఎగురుతూనే ఉంది, లెక్క మాత్రం తేలలేదు. తేలడానికి 71 ఏళ్లు పట్టింది! 2005లో అమెరికా పరిశోధకులు వేగవంతమైన వీడియో తీసి, యంత్రపు రెక్కతో అదే ఊపును ఆడించి చూశారు. సెకనుకు 230 ఊపులు, ఒక్కో ఊపు 90 డిగ్రీలు. రెక్క మెలితిరిగే క్షణంలో పుట్టే అదనపు బలమే ఆ పాత లెక్కలో లేని అంకె.

అతి మొనగాడు సుడి

రెక్క ముందంచు మీద పుట్టి, ఊపు పూర్తయ్యేదాకా అక్కడే అతుక్కుని ఉండే సుడి. దీని పేరు ముందంచు సుడి. 1996లో కేంబ్రిడ్జికి చెందిన చార్లెస్ ఎలింగ్టన్ బృందం దీన్ని పొగతో పట్టింది. పొగాకు ఆకులు తినే పురుగే పెరిగి హాక్ మాత్ అనే రెక్కల పురుగు అవుతుంది, దాని నమూనాగా ఒక యంత్రం కట్టారు. అసలు పురుగు రెక్కల చాపు సుమారు 10 సెంటీమీటర్లు, కట్టిన యంత్రానిది సుమారు ఒక మీటరు. పది రెట్లు! రెక్క కిందికి దిగేటప్పుడు కావలసిన బలంలో సుమారు మూడింట రెండొంతులు ఈ ఒక్క సుడిదే.

అంచు దగ్గర పుట్టే సుడిని ఇంట్లోనే చూడొచ్చు. ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి, అగరువత్తి వెలిగించండి. పొగ నిలువుగా లేచాక, పక్కన తాటాకు విసనకర్రను ఏటవాలుగా పట్టి ఒక్క ఊపు ఊపి ఆపండి. అంచు దాటిన చోట పొగ లోపలికి మడతపడి, రెండు మూడు చుట్లు చుట్టుకుని, అలాగే తిరుగుతూ పక్కకు కదిలిపోతుంది. మీ చేయి పుట్టించిన సుడి అది!

అతి నెమ్మది రెక్క

మగ్గిన నూజివీడు రసాల చుట్టూ ముసిరే బుల్లి ఈగ రెక్క సెకనుకు 200 సార్లు ఆడుతుంది. దాని నమూనాగా అమెరికాలో మైకేల్ డికిన్సన్ బృందం కట్టిన యంత్రపు ఈగ ఒక్క ఊపు పూర్తిచేయడానికి 6, 7 సెకన్లు తీసుకుంది. వెయ్యి రెట్లకు పైగా నెమ్మది! ఈగ రెక్క రెండున్నర మిల్లీమీటర్లు, యంత్రానిది 25 సెంటీమీటర్లు. నూరు రెట్లు. దాన్ని ఆడించింది గాలిలో కాదు, తొట్టి నిండా చిక్కటి నూనెలో. అలాగైతేనే పెద్ద రెక్క చుట్టూ చిన్న రెక్క సుడులు పుడతాయి. 1999లో వెలువడిన ఆ ఫలితాల మీద పేరున్న ముగ్గురిలో ఒకరు మన దేశపు సంజయ్ సానే.

గాలిలో నిలిచే అతి పెద్ద పక్షి

కిరీటం కాలవగట్టు మీదే ఉంది. నలుపు తెలుపు లకుముకి పిట్ట! పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు అటూఇటూ. ఎదురుగాలి సాయం లేకున్నా ఒకేచోట నిలిచి రెక్కలాడించగల పక్షుల్లో ఇదే పెద్దది. నీటికి కొన్ని మీటర్ల పైన ఆగుతుంది. ముక్కు సూటిగా కిందికి, ఒళ్లు నిలువుగా, తోక విచ్చుకుని. రెక్కలు మసకబారినట్టు కదులుతుంటాయి. తల మాత్రం వెంట్రుకవాసి కదలదు. చేప కంటపడిందా, రెక్కలు మూసి రాయిలా కిందికి!

అతి చిన్న పక్షి

క్యూబా తేనెటీగ హమ్మింగ్‌బర్డ్. పొడవు సుమారు ఆరు సెంటీమీటర్లు, బరువు సుమారు రెండు గ్రాములు, రెక్క సెకనుకు సుమారు 80 సార్లు. మన పెరట్లో మందారం చుట్టూ తిరిగే తేనెపిట్ట హమ్మింగ్‌బర్డ్ కాదు, అది వేరే వంశం. హమ్మింగ్‌బర్డ్ ఘనత ఏమిటంటే రెక్క పైకి లేచేటప్పుడు కూడా బరువు మోయడం. 2005లో కొలిచారు: కిందికి దిగే ఊపు 75 శాతం, పైకి లేచే ఊపు 25 శాతం. మిగతా పక్షుల్లో చాలావాటికి ఆ రెండో లెక్క దాదాపు సున్నా.

అతి దూరపు కీటకం

వానలు వెనకబట్టే రోజుల్లో ఖాళీ స్థలాల మీద గుంపులుగా తేలే పసుపు తూనీగ, పాంటాలా ఫ్లావెసెన్స్. ఒళ్లు నాలుగున్నర సెంటీమీటర్లు. ప్రయాణం భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు, మళ్లీ వెనక్కి. మొత్తం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లని 2009లో చార్లెస్ ఆండర్సన్ అంచనా కట్టాడు. నాలుగు తరాలు కలిసి పూర్తిచేసే రిలే పరుగు ఇది. తక్కువ లెక్కే తీసుకున్నా ఒంటి పొడవుకు 31 కోట్ల రెట్లు! నాలుగు రెక్కలూ వేటికవే ఆడతాయి. నిలిచేటప్పుడు ముందువీ వెనకవీ ఎదురుబొదురుగా, దూసుకెళ్లేటప్పుడు ఒక్కటిగా. ముందు రెక్క వదిలిన సుడిని వెనక రెక్క వాడుకుంటుంది.

అతి పెద్ద పాత తూనీగల్లో ఒకటి

మెగన్యూరా. 30 కోట్ల ఏళ్ల కిందటిది. రెక్కల చాపు సుమారు 70 సెంటీమీటర్లు. ఇవాళ్టి పసుపు తూనీగలు ఎనిమిది తొమ్మిదింటిని రెక్కలు చాచి వరసగా పేర్చితే దాని కొస అందుతుంది.

అతి ఎక్కువకాలం నేల తాకని పక్షి

యూరప్ స్విఫ్ట్. గూడు వదిలాక మళ్లీ గూడు చేరేదాకా పది నెలలు గాలిలోనే! 2016లో స్వీడన్ పరిశోధకులు చిన్న పరికరాలు కట్టి తేల్చారు. రెక్కలాడిస్తూ సమతలంగా ఎగరడంలోనూ దీనిది గంటకు 111.6 కిలోమీటర్ల రికార్డు. కొడవలి రెక్క, దానిమీద ముందంచు సుడి. దీని చుట్టం మన తాడితోపుల్లోనే ఉంది. పదమూడు సెంటీమీటర్ల తాటి స్విఫ్ట్ తన ఉమ్మినే జిగురుగా వాడి తాటాకుకు గూడు అంటిస్తుంది.

ఆగకుండా అతి దూరం

ఐదు నెలల గాడ్విట్ పక్షి పిల్ల. 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు. తిండి లేదు, నీళ్లు లేవు, వాలడం లేదు! బెజవాడ–హైదరాబాద్ 275 కిలోమీటర్ల దారిని 49 సార్లు కొలిచినంత. గద్దలా తేలిపోవడం దీనికి రాదు, దారిపొడవునా రెక్క ఆడాల్సిందే. దీని దగ్గరి బంధువు నల్లతోక గాడ్విట్ శీతాకాలంలో కొల్లేరుకు వస్తుంది.

అతి ఎత్తున ఆడే రెక్కల్లో ఒకటి

తలమీద రెండు నల్ల చారలుండే హిమాలయపు బాతు. ఏటా చలికాలానికి మన దేశానికి దిగుతుంది. పరికరం కట్టి కొలిచిన ఎత్తు 7,290 మీటర్లు. 20 మీటర్ల తాడిచెట్లను ఒకదానిపై ఒకటి 364 నిలబెట్టాలి! అక్కడ గాలి సాంద్రత మన డెల్టాలో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. సుడి కట్టడానికే గాలి కరువైన చోట తేలిపోకుండా, రెక్కలాడించుకుంటూనే కొండ దాటుతుంది.

అతి చక్కటి వరస

308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతుల నివాసం. రెక్కల చాపు రెండు మీటర్లు దాటిన ఈ బరువైన పక్షి గుంపుగా, ఏటవాలు వరసలో పోతుంది. రెక్క కొస నుంచి ఊడే సుడికి బయటి పక్క గాలి పైకి లేస్తుంది, వెనక పక్షి సరిగ్గా అక్కడ రెక్క పెడుతుంది. ఎంత ఆదా? సెనెగల్‌లో తెల్ల గూడబాతులకు పరికరాలు కట్టి 2001లో ప్రకటించారు: ఒంటరిగా ఎగిరినప్పటికన్నా గుండె వేగం 11 నుంచి 14 శాతం తక్కువ!

అతి నిశ్శబ్దపు రెక్క

వరిచేలో ఎలుకల వేటగాడు, చందమామ మొహం గుడ్లగూబ. ముందంచున దువ్వెన పళ్లు, వెనకంచున కుచ్చు, పైన నూగు. పెద్ద సుడి ముక్కలై, మోత చల్లారిపోతుంది. 2,000 హెర్ట్జ్‌కు పైన దీని రెక్క చప్పుడు దాదాపు వినపడదు. ఎలుక చెవి చురుగ్గా పనిచేసేది ఆ పైనే.

సుడికి లొంగిన అతి పెద్ద కట్టడం

అమెరికాలోని టకోమా వంతెన. నడిమి భాగం 853 మీటర్లు. 1940 నవంబరు 7న, గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలిలో, రెక్కలా మెలికలు తిరిగి కూలింది. వయసు నాలుగు నెలలే! విచారణ సంఘంలో థియోడర్ వాన్ కార్మాన్ కూడా ఉన్నాడు. అడ్డంగా నిలిచిన స్తంభం వెనక ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున సుడులు బారులు తీరతాయని 1911లో లెక్క తేల్చినవాడు ఆయనే. 1,223 మీటర్ల మన ప్రకాశం బ్యారేజీ పిల్లర్ల వెనకా నీరు తిరిగేది ఆ పద్ధతిలోనే. 2024 సెప్టెంబరు 2న ఆ 70 గేట్ల గుండా 11.43 లక్షల క్యూసెక్కులు దూకాయి. సెకనుకు 32 వేల ఘనపు మీటర్లకు పైగా. బ్యారేజీ చరిత్రలో అదే గరిష్ఠం.

అతి పొదుపైన తోక

చేప తోక కూడా ఆడే రెక్కే. పిల్లర్ వెనక సుడులు నీటిని వెనక్కి పట్టి ఉంచితే, తోక వెనక సుడులు తలకిందులుగా తిరిగి నీటిని చిమ్ముతాయి. ఒంటిని ముందుకు తోసేది అదే. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 1998లో ఇలా ఆడే పలకతో 87 శాతం దాకా సామర్థ్యం సాధించింది. కైకలూరు చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపలు ఈత కొట్టేది ఈ సూత్రంతోనే.

అతి పెద్ద రెక్క

క్వెట్‌జాల్‌కోట్లస్. 1971లో టెక్సాస్‌లో ఎముకలు దొరికిన ఎగిరే సరీసృపం. రెక్కల చాపు 10 మీటర్లు. ఆర్టీసీ బస్సు పొడవుకు ఇంచుమించు సమానం!

బెజవాడ ఆకాశంలో అతి పెద్ద సుడుల సభ

2024 అక్టోబరు 22. పున్నమి ఘాట్. 5,500కు పైగా డ్రోన్లు, ఒక్క రాత్రి ఐదు గిన్నిస్ రికార్డులు! నాలుగు పంకాల చొప్పున లెక్కేసినా 22 వేల పంకాలు, ఒక్కో పంకా రెక్క కొసన ఒక్కో సుడి. తిరిగే పంకా సుడిని వెనక వదిలేసి సాగుతుంది, ఆడే రెక్క దాన్ని మళ్లీ అందుకుంటుంది. తేడా అక్కడే.

పక్షి రెక్కను చదివిన రాకెట్ పెద్ద

శ్రీహరికోట కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధవన్. రాకెట్లతోపాటు పక్షుల్నీ చదివాడు. 1991లో భారత విజ్ఞాన అకాడమీ పత్రిక ‘సాధన’లో పక్షుల ఎగురుడు మీద పెద్ద వ్యాసమే వెలువరించాడు. ఆ కేంద్రం పక్కనే పులికాట్, ఫ్లెమింగోల విడిది. కీటకాల వంతు 2021లో వచ్చింది. ఎన్. చారి, రవిప్రకాశ్ ముక్కవిల్లి, లక్ష్మీనారాయణ పరాయితం కలిసి కీటకాల ఎగురుడు మీద ‘బయోఫిజిక్స్ ఆఫ్ ఇన్సెక్ట్ ఫ్లైట్’ రాశారు.

మనిషి కండబలంతో ఆడిన రెక్క

కెనడా యంత్రం స్నోబర్డ్. 2010 ఆగస్టు 2. రెక్కల చాపు 32 మీటర్లు, తొక్కినవాడు టాడ్ రైకెర్ట్. 145 మీటర్లు, 19.3 సెకన్లు. ప్రకాశం బ్యారేజీలో ఎనిమిదో వంతు కూడా కాదు!

అందరికీ ఒకటే అంకె

2003లో గ్రాహం టేలర్ బృందం తేల్చింది. సెకనుకు ఎన్ని ఊపులో, రెక్క కొస కదిలే మేరతో హెచ్చించి, ఎగిరే వేగంతో భాగించండి. సెకనుకు 4 ఊపులు, 75 సెంటీమీటర్ల మేర, సెకనుకు 12 మీటర్ల వేగం అనుకుంటే జవాబు 0.25. పక్షి, గబ్బిలం, కీటకం, చేప, డాల్ఫిన్... దూరప్రయాణం చేసే ప్రాణులు దాదాపు అన్నీ 0.2కు, 0.4కు మధ్యే చిక్కుతాయి! సుడులు అతి తక్కువ ఖర్చుతో ముందుకు తోసేది ఆ అంకెల నడుమే.

ఖాళీగా ఉన్న కిరీటం

2013లో హార్వర్డ్ రోబోబీ ఎగిరింది. 80 మిల్లీగ్రాములు, మూడు సెంటీమీటర్ల చాపు, సెకనుకు 120 ఊపులు. కరెంటు మాత్రం సన్నటి తీగ గుండా నేలమీంచే! కాలవగట్టు దోమ బరువు రెండు మిల్లీగ్రాములు. నలభయ్యో వంతు. ఇంజను, ఇంధనం, కళ్లు, మెదడు అన్నీ అందులోనే. తీగ లేకుండా, తన శక్తిని తానే మోసుకుంటూ రెండు మిల్లీగ్రాముల బరువుతో రెక్కలాడించే యంత్రం ఇంకా పుట్టలేదు. ఆ కిరీటం మన డెల్టా కాలేజీల్లో చదివే పిల్లలకు దక్కాలి!